అపాచీకి సొంత మాడ్యూల్: రాయడం, ఎక్కించడం, నడుస్తున్న సర్వర్ పడిపోకుండా మార్చడం

తెల్లారుజామున నాలుగింటికి రొయ్యల గుంటలో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. రాత్రంతా నీళ్లలో ఉన్న ప్రతి ప్రాణీ పీల్చుకుంటూనే ఉంటుంది, ఎండ లేదు కాబట్టి నాచు కొత్తగా వదిలేదేమీ ఉండదు. అందుకే ఇందుకూరుపేట, విడవలూరు వైపు రైతులు ఆ వేళకి లేచి ఫోన్లో డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) ఎంతుందో చూసుకుంటారు, 4 పీపీఎం కిందకి జారుతోందంటే పరిగెత్తి ఇంకో ఏరేటర్ వేస్తారు. గుంటల్లో పెట్టిన మీటర్లు రెండేసి నిమిషాలకి ఒక రీడింగ్ పంపుతుంటాయి. ఆ రీడింగులు వచ్చి పడే సర్వర్‌ని నెల్లూరులో కూర్చుని నేను చూసుకుంటాను. 2 జీబీ ర్యామ్ ఉన్న చిన్న మెషీను. మొదట్లో ప్రతి రీడింగుకీ ఒక పీహెచ్‌పీ స్క్రిప్టు డేటాబేసు తెరిచి, ఒక అంకె రాసి, మూసి వెళ్లేది. గుంటలు పెరిగేకొద్దీ మెషీను ఆయాసపడటం మొదలుపెట్టింది. చివరికి ఆ ఒక్క పనికి, మెషీన్లో నడిచే అపాచీ వెబ్ సర్వర్‌కి తగిలించుకునే ముక్క, అంటే మాడ్యూల్, రాసుకున్నాను, సీ భాషలో రెండు వందల లైన్లు కూడా లేవు, అప్పటినుంచి మెషీను హాయిగా ఉంది. ఆ మాడ్యూల్‌నే ఉదాహరణగా పెట్టుకుని మొత్తం పని చెప్తాను. పేరు మాడ్_గుంట.

ఒక మాట ముందే చెప్పాలి. కమాండ్లూ ఫంక్షన్ పేర్లూ పలికే తీరులో తెలుగులోనే రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో, చిన్నబడిలో కొట్టండి. పెద్దబడి కావాల్సిన చోట చెప్తాను.

అసలు మాడ్యూల్ అవసరమా

అపాచీలో అసలు గుండెకాయ చాలా చిన్నది, మిగతాదంతా మాడ్యూళ్లే. ఫోల్డర్ అడిగితే అందులో ఇండెక్స్ ఫైలు వెతికి ఇచ్చే పని కూడా మాడ్_డిర్ అనే మాడ్యూల్‌దే. మనం రాసేది కూడా అలాంటిదే, అంతే హోదాలో ఉంటుంది. సర్వర్ లేచేటప్పుడు మాడ్యూల్ కంపైల్ అయిన రూపాన్ని, అంటే డాట్ ఎస్ఓ ఫైలుని, తన ప్రాసెస్‌లోకే లాక్కుంటుంది, అక్కడినుంచి మన కోడూ సర్వర్ కోడూ ఒకే మెమరీలో కాపురం. పీహెచ్‌పీ స్క్రిప్టులో తప్పు చేస్తే ఒక పేజీ చెడుతుంది. సీ మాడ్యూల్‌లో తాకకూడని మెమరీని తాకితే రిక్వెస్టులకి జవాబిస్తున్న ఆ చైల్డ్ ప్రాసెస్ మొత్తం పడిపోతుంది, మామూలు సెట్టింగులో ఒక్కో చైల్డ్‌లో 25 థ్రెడ్లు ఉంటాయి కాబట్టి ఆ క్షణాన వాటి చేతుల్లో ఉన్న వేరేవాళ్ల రిక్వెస్టులు కూడా పోతాయి. ఈ ఒక్క సంగతి మనసులో ఉంటే కింద నేను చెప్పే జాగ్రత్తలన్నీ ఎందుకో మీకే తెలిసిపోతుంది.

కావలినుంచీ ఒంగోలునుంచీ ప్రాజెక్టు పనికని నా దగ్గరికి వచ్చే పిల్లల్లో సగం మందికి నేను చెప్పేది, మాడ్యూల్ రాయొద్దనే. హెడర్ ఒకటి చేర్చాలంటే మాడ్_హెడర్స్ ఉంది. ప్రాక్సీ వెనకనుంచి వచ్చే మనిషి అసలు ఐపీ కావాలంటే మాడ్_రిమోట్‌ఐపీ ఉంది. వెళ్లే పేజీలో ఒక మాట మార్చాలంటే మాడ్_సబ్‌స్టిట్యూట్. చిన్నపాటి లాజిక్ అయితే మాడ్_లువా పెట్టుకుని లువాలో రాయండి, మీ స్క్రిప్టు తప్పయితే లాగ్‌లో ఎర్రర్ పడుతుందే గాని సర్వర్ కూలదు. వేరేవాళ్లు రాసిన మాడ్యూల్ కావాలన్నా, డెబియన్, ఉబుంటుల్లో లిబ్‌అపాచీ2-మాడ్ అని మొదలయ్యే ప్యాకేజీలు బోలెడు ఉన్నాయి, అందులో దొరికితే సోర్సు తెచ్చి కంపైల్ చేయకండి. ప్యాకేజీకి సెక్యూరిటీ అప్‌డేట్ దానంతట అదే వస్తుంది, మీరు కంపైల్ చేసినదానికి మీరే కాపలా ఉండాలి. ఇవన్నీ చూశాక కూడా కుదరకపోతేనే సీ.

సామాన్లు

ఉబుంటు అయితే అపాచీ2-డెవ్ ప్యాకేజీ, దాంతోపాటు బిల్డ్-ఎసెన్షియల్. రాకీ, ఆల్మా లైనక్స్ అయితే హెచ్‌టీటీపీడీ-డెవెల్, జీసీసీ, మేక్. రాకీ వాళ్లు రెడ్‌హ్యాట్-ఆర్‌పీఎమ్-కాన్ఫిగ్ ప్యాకేజీ కూడా వేసుకోండి. అది లేకపోతే కంపైల్ చేయగానే రెడ్‌హ్యాట్-హార్డెన్డ్-సీసీ1 అనే ఫైలు లేదని జీసీసీ మొండికేస్తుంది, ఆ మెసేజ్ చూసి మన కోడ్‌లో ఏదో తప్పుందనుకుని గంటలు గంటలు వెతికినవాళ్లని నేను చూశాను. కోడ్‌లో ఏమీ ఉండదు, ప్యాకేజీ ఒకటి తక్కువ, అంతే.

ఈ డెవ్ ప్యాకేజీతో ఏపీఎక్స్‌ఎస్ అనే పనిముట్టు వస్తుంది. మాడ్యూల్ పని మొత్తం దీని మీదే నడుస్తుంది. ముందు ఖాళీ నమూనా ఒకటి పుట్టించండి:

ఏపీఎక్స్‌ఎస్ -జీ -ఎన్ గుంట

గుంట అని ఫోల్డర్ వస్తుంది, అందులో మేక్‌ఫైల్, మాడ్_గుంట డాట్ సీ ఉంటాయి. ఆ సీ ఫైలు మొదట్లో ఉన్న కామెంటు దాటేయకుండా చదవండి, ఎలా కంపైల్ చేయాలో, కాన్ఫిగ్‌లో ఏం రాయాలో అక్కడే ఉంది. ఒక్క అక్షరం మార్చకుండా ముందు ఆ నమూనానే కంపైల్ చేసి, ఎక్కించి, బ్రౌజర్లో చూడండి. శాంపిల్ పేజీ అని ఒక లైను వస్తుంది. అది వచ్చిందంటే సామాన్లన్నీ సరిగ్గా ఉన్నట్టు. ఆ తర్వాత ఏదైనా చెడితే మనం రాసిందే కారణమని తెలుస్తుంది, వెతుకులాట సగం తగ్గుతుంది.

కోడ్ లోపల

ఫైలు అడుగున ఒక స్ట్రక్చర్ ఉంటుంది, పేరు గుంట_మాడ్యూల్. సర్వర్ మన ఎస్ఓ ఫైలు తెరిచి ముందు వెతికేది దీన్నే. మొదట స్టాండర్డ్20_మాడ్యూల్_స్టఫ్ అని పెద్దబడిలో ఒక మాక్రో, తర్వాత ఆరు గళ్లు: డైరెక్టరీ సెట్టింగు పుట్టించే ఫంక్షను, దాన్ని కలిపే ఫంక్షను, సర్వర్ సెట్టింగుకి అలాంటివే రెండు, మన డైరెక్టివ్‌ల (కాన్ఫిగ్ ఫైలులో రాసే ఆదేశాల) పట్టిక, చివర్లో హుక్కులు తగిలించే ఫంక్షను. వాడనివాటికి నల్ (ఏమీ లేదన్న గుర్తు, ఎప్పుడూ పెద్దబడిలో) పెట్టండి. వరస తప్పితే కంపైలర్ ఒక వార్నింగ్ ఇచ్చి ఊరుకోవచ్చు, సర్వర్ మాత్రం లేచేటప్పుడే పడుతుంది.

ఒక రిక్వెస్టు వచ్చి వెళ్లేలోపు చాలా మెట్లు ఎక్కి దిగుతుంది: అడ్రసు ఏ ఫైలుదో తేల్చడం, లోపలికి రానివ్వొచ్చా చూడటం, ఎవరో కనుక్కోవడం, చివరి దిద్దుబాట్లు, జవాబు తయారుచేయడం, లాగ్ రాయడం. ప్రతి మెట్టు దగ్గరా మన ఫంక్షను తగిలించుకోవడానికి ఒక హుక్ ఉంది. మాడ్_గుంటకి కావాల్సింది జవాబు ఇచ్చే మెట్టు, అంటే ఏపీ_హుక్_హ్యాండ్లర్. దానికి మన ఫంక్షను పేరు, రెండు నల్‌లు, చివర ఏపీఆర్_హుక్_మిడిల్ అని పెద్దబడిలో ఇస్తే సరి. వేరే మాడ్యూళ్ల కంటే ముందు నడవాలంటే ఫస్ట్, తర్వాత అంటే లాస్ట్. మామూలుగా మిడిల్‌తో సరిపోతుంది.

హ్యాండ్లర్ ఫంక్షన్‌కి వచ్చేది ఒకటే వస్తువు, రిక్వెస్ట్_రెక్, అందరూ దాన్ని ఆర్ అనే పిలుస్తారు. మొదటి లైనులోనే అడగాల్సిన ప్రశ్న: ఈ రిక్వెస్టు నాదేనా? ఆర్->హ్యాండ్లర్‌లో ఉన్న మాటని "గుంట"తో ఎస్‌టీఆర్‌సీఎంపీ చేసి, నాది కాదంటే డిక్లైన్డ్ అని పెద్దబడిలో తిప్పి ఇవ్వాలి. ఎస్‌టీఆర్‌సీఎంపీ రెండూ ఒకటే అయితే సున్నా ఇస్తుంది, కొత్తవాళ్లు దీన్ని తలకిందులుగా రాసి సైట్‌లో ఉన్న ప్రతి పేజీకీ మాడ్యూల్‌తోనే జవాబు చెప్పిస్తారు. మన పని అయ్యాక ఓకే ఇవ్వాలి, అడిగినవాడిదే తప్పయితే హెచ్‌టీటీపీ_బ్యాడ్_రిక్వెస్ట్, అంటే 400. ఇవి కూడా పెద్దబడే.

ఇప్పుడు మీటర్ పంపే రీడింగు. అడ్రసు చివర ప్రశ్న గుర్తు తర్వాత గుంట నంబరూ డీఓ అంకే వస్తాయి. ఆ ముక్క ఆర్->ఆర్గ్స్‌లో ఉంటుంది. ఎవరైనా బ్రౌజర్లో ప్రశ్న గుర్తు లేకుండా ఉత్త అడ్రసు కొడితే ఆర్->ఆర్గ్స్ నల్. చూసుకోకుండా దాన్ని ఎస్‌టీఆర్‌స్టీఆర్‌కో ఎస్‌టీఆర్‌లెన్‌కో ఇచ్చారా, సెగ్మెంటేషన్ ఫాల్ట్, అంటే చైల్డ్ కూలినట్టే. ఏపీ_ఆర్గ్స్_టు_టేబుల్ అని ఒక ఫంక్షను ఉంది, మొత్తాన్ని చక్కగా పట్టికలో వేసి ఇస్తుంది, అందులోంచి ఏపీఆర్_టేబుల్_గెట్‌తో ఒక్కోటి తీసుకోవచ్చు. అదీ లేనిదాన్ని అడిగితే నల్లే ఇస్తుంది. తీసిన ప్రతిసారీ చూసుకోవాల్సిందే.

అంకెగా మార్చేచోట నాకు ఎదురైంది కాస్త వివరంగా చెప్తాను. ఎస్‌టీఆర్‌టీఓడీతో మార్చి, సున్నా కంటే తక్కువైనా 20 కంటే ఎక్కువైనా 400 ఇచ్చేలా రాశాను. అంతా బాగుంది అనుకున్నా. వారం తర్వాత లాగ్‌లో డీఓ ఉండాల్సినచోట "నాన్" అని లైన్లు. ఏమైందంటే, మీటర్ వైరు ఒకటి ఉప్పుగాలికి తుప్పు పట్టి వదులైంది, రీడింగ్ దొరకనప్పుడు ఆ పరికరం అంకెకి బదులు ఎన్-ఏ-ఎన్ (అంకె కాదు అని అర్థం) అని మూడక్షరాలు పంపుతోంది. ఎస్‌టీఆర్‌టీఓడీ ఆ మూడక్షరాలనీ సక్రమమైన విలువగానే తీసుకుంటుంది. నాన్ సున్నా కంటే తక్కువా అంటే కాదంటుంది, 20 కంటే ఎక్కువా అంటే కాదంటుంది, రెండు ప్రశ్నలూ దాటుకుని లోపలికొచ్చేసింది. షరతు తిప్పి రాస్తే తీరిపోయింది: సున్నాకీ 20కీ మధ్యలో ఉందా అని అడిగి, ఉందన్న జవాబు వస్తేనే లోపలికి రానివ్వాలి. నాన్ ఆ ప్రశ్నకి కూడా కాదనే అంటుంది, బయటే ఆగిపోతుంది. బయటినుంచి వచ్చే దేనికైనా ఇదే పద్ధతి పెట్టుకోండి, చెడ్డదాన్ని గుర్తుపట్టి ఆపడం కంటే మంచిదాన్ని గుర్తుపట్టి రానివ్వడం సులువు.

రీడింగుని దాచడం ఎలా? ఫైలు తెరిచి మనమే రాయొచ్చు, కానీ పర్మిషన్లు, రెండు థ్రెడ్లు ఒకేసారి రాయడం, ఫైలు పెరిగిపోతే మార్చడం, ఇవన్నీ మన నెత్తిన పడతాయి. నేను రాయలేదు. ఆర్->నోట్స్ అని ప్రతి రిక్వెస్టుకీ ఒక పట్టిక ఉంటుంది, ఏపీఆర్_టేబుల్_సెట్‌తో అందులో గుంట నంబరూ డీఓ పెట్టి వదిలేస్తాను. కాన్ఫిగ్‌లో కస్టమ్‌లాగ్ డైరెక్టివ్‌కి ఇచ్చే ఫార్మాట్లో శాతం గుర్తు, పువ్వు బ్రాకెట్లలో నోట్ పేరు, చివర చిన్న ఎన్ రాస్తే మాడ్_లాగ్_కాన్ఫిగ్ ఆ నోట్ తీసి లాగ్‌లో రాసేస్తుంది. ఆ ఫైలుని సర్వర్ లేచేటప్పుడే రూట్‌గా తెరుస్తుంది కాబట్టి పర్మిషన్ గొడవ లేదు, రొటేట్‌లాగ్స్‌కి పైపు వేస్తే రోజుకో ఫైలు. రెండు నిమిషాలకోసారి ఒక చిన్న స్క్రిప్టు ఆ ఫైలు చదివి డేటాబేసులో ఎక్కిస్తుంది. నా మాడ్యూల్ ఇంత పొట్టిగా ఉందంటే కారణం ఇదే, రాసే పని దానిది కాదు.

మెమరీ, థ్రెడ్లు

అపాచీలో మాల్లాక్, ఫ్రీ వాడొద్దు. పూల్ అనేది ఉంటుంది, దాంట్లోంచే అడగాలి: ఏపీఆర్_పీకాలాక్, ఏపీఆర్_పీఎస్‌టీఆర్‌డప్, ఏపీఆర్_పీఎస్‌ప్రింట్ఎఫ్. మొదటి మాట ఎప్పుడూ పూలే. రొయ్యలు పట్టుబడి అయ్యాక గుంటలో నీళ్లు మొత్తం ఒకేసారి తీసి ఎండగడతారు కదా, అలాగే రిక్వెస్టు ముగిశాక ఆర్->పూల్‌లో ఉన్నదంతా ఒకే దెబ్బకి పోతుంది. ఒక్కోదాన్నీ వెతికి విడిపించే పని లేదు.

అయితే ఏ పూల్ అన్నది ముఖ్యం. ప్రతి రిక్వెస్టులోనూ సర్వర్ పూల్‌లోంచి అడిగితే ఆ మెమరీ సర్వర్ బతికున్నంతకాలం ఉండిపోతుంది, రోజురోజుకీ ర్యామ్ కరిగిపోతుంది. దానికి తలకిందులైన తప్పు ఇంకొకటి: ఆర్->పూల్‌లో తీసుకున్నదాని పాయింటర్‌ని స్టాటిక్ వేరియబుల్‌లో దాచుకుని తర్వాతి రిక్వెస్టులో వాడటం. ఎండగట్టిన గుంటలో వల వేసినట్టు. ఒక్కోసారి పాత డేటా ఇంకా అక్కడే ఉండి పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది, జనం పెరిగిన రోజు కూలుతుంది.

గ్లోబల్ వేరియబుల్ చూసినప్పుడల్లా టెన్షన్ పడండి, పడాల్సిందే. అపాచీసీటీఎల్ -వీ అని వీ పెద్దబడిలో కొడితే మీ సర్వర్ ఏ ఎంపీఎం (ప్రాసెస్‌లనీ థ్రెడ్లనీ నడిపే మాడ్యూల్) మీద నడుస్తోందో చెప్తుంది. ఈవెంట్ అయితే ఒకే ప్రాసెస్‌లో ఎన్నో థ్రెడ్లు ఆ వేరియబుల్‌ని ఒకేసారి తాకుతాయి. పైగా ప్రతి చైల్డ్ ప్రాసెస్‌కీ ఆ వేరియబుల్ సొంత కాపీ ఉంటుంది. ఇప్పటిదాకా ఎన్ని రీడింగులొచ్చాయో స్టాటిక్ వేరియబుల్‌లో లెక్కపెట్టి పేజీలో చూపిస్తే, రిఫ్రెష్ కొట్టినప్పుడల్లా ఒక్కో అంకె కనిపిస్తుంది, ఒకసారి 812, ఒకసారి 340. కంప్యూటర్ అబద్ధం చెప్పట్లేదు, ఒక్కోసారి ఒక్కో చైల్డ్ జవాబిస్తోంది. అన్నిటికీ కలిపి ఒకే లెక్క కావాలంటే షేర్డ్ మెమరీ, దానికో తాళం కావాలి. అంతదాకా వెళ్లకుండా లాగ్‌లోంచి లెక్కపెట్టుకోమనే నా సలహా. సీ లైబ్రరీలో ఎస్‌టీఆర్‌టాక్, లోకల్‌టైమ్ లాంటివి కూడా లోపల ఒకే డబ్బా అందరికీ వాడతాయి, వాటికి బదులు ఏపీఆర్_ఎస్‌టీఆర్‌టాక్, ఏపీఆర్_టైమ్_ఎక్స్‌ప్_ఎల్‌టీ వాడండి.

సొంత డైరెక్టివ్

డీఓ ఎంతకి తగ్గితే మీటర్‌కి "తక్కువ" అని జవాబు పంపాలో, అది వినగానే గట్టు మీద బజర్ మోగాలో, ఆ అంకె కోడ్‌లో రాసేస్తే ప్రతి రైతుకీ మళ్లీ కంపైల్ చేయాలి. అందుకే కాన్ఫిగ్‌లో ఇలా రాసుకునేలా పెట్టాను:

<లొకేషన్ "/గుంట">
    సెట్‌హ్యాండ్లర్ గుంట
    గుంటకనీసడీఓ 4
</లొకేషన్>

డైరెక్టివ్‌ల పట్టికలో ఏపీ_ఇనిట్_టేక్1 అనే మాక్రోతో దాని పేరు, చదివే ఫంక్షను, ఎక్కడ రాయనివ్వాలి అన్నవి ఇవ్వాలి. లొకేషన్ లోపల రాయాలంటే యాక్సెస్_కాన్ఫ్, బయట సర్వర్ స్థాయిలో అంటే ఆర్‌ఎస్‌ఆర్‌సీ_కాన్ఫ్, ఇవన్నీ పెద్దబడి. పట్టిక చివర ఒక నల్ గడి తప్పనిసరి, మర్చిపోతే సర్వర్ పట్టిక దాటి ముందుకెళ్లి ఏదో చెత్త చదువుతుంది. చదివే ఫంక్షను అంతా బాగుంటే నల్ ఇవ్వాలి, బాగాలేకపోతే ఒక వాక్యం ఇవ్వాలి. ఆ వాక్యం చూపించి సర్వర్ లేవకుండా ఆగిపోతుంది. ఎవరో 4కి బదులు 40 అని కొడితే బజర్ రాత్రంతా మోగుతూనే ఉంటుంది, దానికంటే ఇక్కడే ఆపడం మేలు. అంకె ఇంకా పెట్టలేదు అన్నదానికి గుర్తుగా మొదట -1 పెట్టుకోండి, కలిపే ఫంక్షన్‌లో లోపలి సెక్షన్‌ది -1 అయితే బయటిది తీసుకోండి. సున్నాతో మొదలుపెడితే ఎవరైనా కావాలని సున్నా రాశారో అసలు రాయనేలేదో తేడా తెలీదు.

కంపైల్ చేసి ఎక్కించడం

ఏపీఎక్స్‌ఎస్ -సీ -డబ్ల్యూసీ,-డబ్ల్యూఆల్ -డబ్ల్యూసీ,-జీ మాడ్_గుంట.సీ

ఇందులో డబ్ల్యూలు మాత్రం పెద్దబడి. కామా తర్వాత ఉన్నది కంపైలర్‌కి వెళ్తుంది, వార్నింగులన్నీ చూపించమనీ, డీబగ్ గుర్తులు ఉంచమనీ. ఒక్క వార్నింగ్ కూడా మిగలకుండా దిద్దండి. అయ్యాక డాట్ లిబ్స్ అనే దాగిన ఫోల్డర్లో మాడ్_గుంట డాట్ ఎస్ఓ ఉంటుంది.

సుడో ఏపీఎక్స్‌ఎస్ -ఐ -ఏ -ఎన్ గుంట మాడ్_గుంట.ఎల్ఏ

-ఐ మాడ్యూళ్ల ఫోల్డర్లోకి చేరుస్తుంది, -ఏ కాన్ఫిగ్‌లో లోడ్‌మాడ్యూల్ లైను రాస్తుంది. ఉబుంటులో ఆ లైను మాడ్స్-అవైలబుల్‌లో గుంట డాట్ లోడ్ అనే ఫైలులో పడుతుంది, తర్వాత ఏ2ఎన్‌మాడ్, ఏ2డిస్‌మాడ్‌లతో పెట్టుకోవచ్చు, తీసేయొచ్చు. రాకీలో -ఏ నేరుగా హెచ్‌టీటీపీడీ డాట్ కాన్ఫ్‌ని మారుస్తుంది, అది నాకు నచ్చదు. అక్కడ -ఏ లేకుండా చేర్చి, కాన్ఫ్.మాడ్యూల్స్.డీ ఫోల్డర్లో సొంత ఫైలు పెట్టి అందులో లోడ్‌మాడ్యూల్ రాస్తాను. రేపు తీసేయాలంటే ఆ ఫైలు పేరు మారిస్తే చాలు.

రీస్టార్ట్ కొట్టే ముందు అపాచీసీటీఎల్ కాన్ఫిగ్‌టెస్ట్ తప్పకుండా నడపండి. ఇది కాన్ఫిగ్ చదవడంతో ఆగదు, మాడ్యూల్‌ని నిజంగా తెరిచి చూస్తుంది. అందుకే లోడ్ కాని మాడ్యూల్ అయితే ఇక్కడే తెలిసిపోతుంది, నడుస్తున్న సర్వర్‌కి ఏమీ కాదు. సింటాక్స్ ఓకే అని వస్తేనే ముందుకి. అపాచీసీటీఎల్ -ఎం, ఎం పెద్దబడి, మాడ్యూళ్ల జాబితా చూపిస్తుంది గాని అది కాన్ఫిగ్‌ని అప్పటికప్పుడు మళ్లీ చదివి చూపించేది, ఇప్పుడు నడుస్తున్న సర్వర్‌లో ఏముందో కాదు. అందులో గుంట_మాడ్యూల్ కనిపించినా రీస్టార్ట్ చేయకపోతే పేజీ రాదు.

ఇక్కడ ఎక్కువగా వచ్చే ఎర్రర్లు మూడు రకాలు. మాడ్యూల్ స్ట్రక్చర్ దొరకలేదు అంటే లోడ్‌మాడ్యూల్ లైనులో రాసిన పేరూ కోడ్‌లో స్ట్రక్చర్ పేరూ కలవలేదు. అన్‌డిఫైన్డ్ సింబల్ అంటే మీరు వాడిన లైబ్రరీని కంపైల్ చేసేటప్పుడు చిన్న -ఎల్‌తో కలపలేదు, లేదా ఫంక్షన్ పేరులో అక్షరం తప్పు. మూడోది చూడటానికి భయంగా ఉంటుంది: స్ట్రక్చర్ గార్బుల్డ్, ఎక్స్‌పెక్టెడ్ సిగ్నేచర్ 41503234, చూసింది 41503232. మీటర్లు అమ్మిన కంపెనీవాళ్లు మొదట్లో తమ సొంత మాడ్యూల్ ఇచ్చారు, సోర్సు లేదు, ఎస్ఓ ఒక్కటే. ఎక్కిస్తే ఈ మెసేజ్. ఆ అంకెల్ని రెండేసి చొప్పున ఆస్కీలో చదివితే విషయం బయటపడుతుంది: 41 అంటే ఏ, 50 అంటే పీ, 32 అంటే 2, 34 అంటే 4. నా సర్వర్ ఏపీ24 అడిగింది, వాళ్ల ఫైలు ఏపీ22 అంది. అంటే 2.2 కాలంలో కంపైల్ చేసిన మాడ్యూల్. 2.4 వచ్చింది 2012లో, 2.2కి ఆఖరి విడుదల 2017లో అయిపోయింది. సోర్సు ఉంటే 2.4లో మళ్లీ కంపైల్ చేసుకోవచ్చు, లేనప్పుడు చేయగలిగింది ఏమీ లేదు. నేను సొంతంగా రాసుకోవాలని గట్టిగా అనుకుంది ఆ రోజే. మీరూ సోర్సు ఇవ్వనివాళ్ల ఎస్ఓని మీ సర్వర్ లోపలికి రానివ్వకండి.

2.4 లోపల మాత్రం ఒక సుఖం ఉంది, 2.4లో ఒక వెర్షన్ మీద కంపైల్ చేసిన మాడ్యూల్ తర్వాతి 2.4 వెర్షన్లోనూ నడుస్తుంది. ఇంజిన్‌ఎక్స్ అనే ఇంకో వెబ్ సర్వర్ వాడేవాళ్లకి ఈ సుఖం లేదు. అందులో డైనమిక్ మాడ్యూళ్లు 2016లో 1.9.11తో వచ్చాయి, కానీ మాడ్యూల్‌ని మీ సర్వర్ వెర్షన్ ఏదో సరిగ్గా అదే వెర్షన్ సోర్సుతో, --విత్-కంపాట్ పెట్టి కట్టాలి, ఇంజిన్‌ఎక్స్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ మళ్లీ కట్టాలి.

నడుస్తున్నదాన్ని మార్చడం

ఇది అందరూ తేలిగ్గా తీసుకునే చోటు. మొదటి వెర్షన్ ఎక్కించిన నెలకి ఒక చిన్న దిద్దుబాటు చేసి, రాత్రి పని ముగించుకుని పడుకునే ముందు కొత్త ఎస్ఓని సీపీ కమాండ్‌తో పాతదాని మీద కాపీ చేశాను. రీస్టార్ట్ పొద్దున చేద్దాంలే అనుకున్నా. తెల్లారకముందే విడవలూరునుంచి ఫోను. "ఏంది అబ్బయ్యా, పేజీ రావటల్లా. డీఓ ఎంతుండాదో తెలీక గట్టు మీద కూర్చోనుండా." లాగ్ తెరిస్తే చైల్డ్ పీఐడీ ఎగ్జిట్ సిగ్నల్ సెగ్మెంటేషన్ ఫాల్ట్ 11, అదే లైను పేజీలకి పేజీలు.

జరిగింది ఇది. నడుస్తున్న ప్రాసెస్‌లు పాత ఎస్ఓ ఫైలుని మెమరీకి ముడేసుకుని ఉంటాయి. సీపీ కొత్త ఫైలు పుట్టించదు, అదే ఫైలుని ఖాళీ చేసి అందులోనే కొత్తది రాస్తుంది. అంటే ప్రాసెస్ కాళ్ల కింద నేల మార్చేసినట్టు. పాత చిరునామాలో ఫంక్షను ఉందని వెళ్తే అక్కడ ఇంకేదో ఉంటుంది. పద్ధతి ఏమిటంటే, కొత్త ఫైలుని మాడ్యూళ్ల ఫోల్డర్లోకే వేరే పేరుతో, చివర డాట్ న్యూ పెట్టి కాపీ చేయండి, ఆ తర్వాత ఎంవీతో అసలు పేరుకి మార్చండి. ఎంవీ పేరు మాత్రమే మారుస్తుంది కాబట్టి పాత ప్రాసెస్‌లు పాత ఫైలునే పట్టుకుని నడుస్తాయి, ఎవరికీ ఏమీ కాదు. ముందు ఆ ఫోల్డర్లోకి కాపీ చేయమనడానికి ఇంకో కారణం ఉంది, రాకీలో హోమ్ ఫోల్డర్నుంచి నేరుగా ఎంవీ చేస్తే ఎస్‌ఈలైనక్స్ లేబుల్ (ఫైలు మీద ఉండే భద్రతా గుర్తు) హోమ్‌దే వచ్చేస్తుంది, సర్వర్ తెరవలేక పర్మిషన్ డినైడ్ అంటుంది. అలా జరిగిపోయి ఉంటే రెస్టోర్‌కాన్ కమాండ్ ఆ ఫైలు మీద నడపండి.

తర్వాత కాన్ఫిగ్‌టెస్ట్, ఆ తర్వాత అపాచీసీటీఎల్ గ్రేస్‌ఫుల్, అంటే మెల్లగా రీస్టార్ట్. గ్రేస్‌ఫుల్‌లో పాత చైల్డ్‌లు చేతిలో ఉన్న పని ముగించుకునే వెళ్తాయి, అప్పటిదాకా పాత వెర్షనూ కొత్త వెర్షనూ పక్కపక్కన నడుస్తాయి, లాగ్ ఫార్మాట్ లాంటిది మారిస్తే ఆ సంగతి గుర్తుంచుకోండి. మా సర్వర్‌కి మధ్యాహ్నం రెండింటప్పుడు మంచి వేళ, ఎండకి నాచు ఆక్సిజన్ బాగా ఇస్తుంటుంది, రెండు రీడింగులు పోయినా రైతుకి నష్టం లేదు. మీ సర్వర్‌కి ఏ వేళ మంచిదో లాగ్ చూసి తెలుసుకోండి.

కూలినప్పుడు వెతకడం

కోడ్ పైన ఏపీలాగ్_యూజ్_మాడ్యూల్ అని పెద్దబడిలో పెట్టి, బ్రాకెట్లో గుంట అని ఇవ్వండి. అప్పుడు కాన్ఫిగ్‌లో లాగ్‌లెవెల్ వార్న్ గుంట:డీబగ్ అని రాసుకోవచ్చు, మిగతా సర్వర్ నిశ్శబ్దంగా ఉండి మన మాడ్యూల్ ఒక్కటే మాట్లాడుతుంది. 2.4లో వచ్చిన మంచి సదుపాయం ఇది. కోడ్‌లో ముఖ్యమైన చోట్ల ఏపీ_లాగ్_ఆర్ఎర్రర్‌తో ఒక్కో లైను రాయండి. ప్రింట్ఎఫ్ పెడితే ఎక్కడా కనిపించదు.

అప్పటికీ తెలీకపోతే టెస్టు మెషీన్లో హెచ్‌టీటీపీడీ -ఎక్స్, ఎక్స్ పెద్దబడి, అని లేపండి. ఒకే ప్రాసెస్‌గా టెర్మినల్లోనే నడుస్తుంది. ఉబుంటులో అయితే ముందు ఎన్‌వ్యార్స్ ఫైలుని సోర్స్ చేసి అపాచీ2 -ఎక్స్ అనాలి. జీడీబీ అనే డీబగ్గర్ లోపలినుంచి లేపితే కూలిన లైను నంబరు అక్కడే చూపిస్తుంది, -జీ పెట్టి కంపైల్ చేయమన్నది ఇందుకే.

అసలు సర్వర్ మీదకి వెళ్లేముందు నేను టెస్టు మెషీన్లో కర్ల్‌తో కొట్టే అడ్రసులు ఇవి: మామూలు రీడింగు, ప్రశ్న గుర్తు లేకుండా, డీఓ లేకుండా, డీఓ సమానం అని రాసి ఖాళీగా, నాన్, మైనస్ అంకె, అంకె వెనక అక్షరాలు, వెయ్యి అక్షరాల గుంట నంబరు. మొదటిది తప్ప అన్నీ 400 ఇవ్వాలి. ఆ తర్వాత ఏబీ అనే లోడ్ టెస్టు పనిముట్టుతో పదివేల రిక్వెస్టులు, ఒకేసారి 50 చొప్పున, ఐదారు విడతలు వదిలి, విడత విడతకీ పీఎస్ కమాండ్‌లో ఆర్‌ఎస్ఎస్ గడి (ప్రాసెస్ పట్టుకున్న ర్యామ్) చూస్తాను. మొదటి ఒకటి రెండు విడతలు పెరిగి తర్వాత అక్కడే నిలబడితే సరే. విడతకి కొంత చొప్పున ఎక్కుతూనే ఉంటే ఎక్కడో ఆర్->పూల్ బదులు ఇంకో పూల్ పేరు రాసినట్టే, ఏపీఆర్_పీ అని మొదలయ్యే ప్రతి లైనూ తెరిచి మొదటి మాట చూసుకోవాలి. కొత్తది ఎక్కించాక కూడా పాత ఎస్ఓని తేదీ పెట్టి వేరే ఫోల్డర్లో ఉంచండి, రాత్రిపూట ఫోన్ వస్తే దాన్ని డాట్ న్యూగా కాపీ చేసి ఎంవీ కొట్టి గ్రేస్‌ఫుల్ ఇవ్వడానికి నిమిషం చాలు, తప్పెక్కడుందో తెల్లారాక వెతుక్కోవచ్చు.